వనితా చరిత్రములు: చేవ్రాలు చేయని యాడుబిడ్డ

ఈ శీర్షిక క్రింద మేము నెలనెలయు నొక స్త్రీ చరిత్రమును సోదరీమణుల కందించుచున్నాము. ఈ నెల చెప్పబోవునది ఇంగ్లండు దేశమున మిక్కిలి ప్రాచీనమగు నొక ప్రభువంశములో జన్మించిన యాడుబిడ్డ కథ. ఆమె కత్తి పట్టి యుద్ధము చేయలేదు; సింహాసన మెక్కి రాజ్యమేలలేదు. ఆమె చేసిన ఘనకార్య మేమనగా, ఒక కాగితముమీద చేవ్రాలు చేయకపోవుట. మగడు బ్రతిమాలెను, బెదరించెను. మతాచార్యుడు హితోపదేశము చేసెను. దేశమేలు రాజు స్వయముగా కోపించెను. ఐనను ఆమె కలము పట్టలేదు. ఇంత చిన్న పనిలో ఇంత గొప్ప యేమి కలదని చదువరులు సందేహింపవచ్చును. కథ పూర్తిగ వినిన పిమ్మట వారే తీర్పు చెప్పుదురు గాక.

పుట్టినిల్లు

ఇంగ్లండునకు ఉత్తరమున, స్కాట్లండు సరిహద్దునకు దాపున, వెస్ట్మర్లాండు అను కొండసీమ యొకటి పూర్వము ప్రత్యేక మండలముగ నుండెను. దాని ప్రక్కనే యార్కుషైరు మండలములో స్కిప్టను అను నూరు కలదు. ఈ రెండు సీమలలోను క్లిఫర్డు వంశమువారు తరతరములుగ కోటలు కట్టుకొని ప్రభుత్వము నెరపిరి. 14వ శతాబ్దారంభమున రెండవ ఎడ్వర్డు రాజు స్కిప్టను కోటను రాబర్టు క్లిఫర్డు అను వీరునకు ఇచ్చినపుడు, అది యతని కడుపున బుట్టిన సంతతికి, మగవారైనను ఆడువారైనను, వరుసగ చెందవలెనని యేర్పాటు జరిగెను. అనగా కొడుకులు లేనిచోట కూతురే వారసురాలు. తమ్ముడుగాని తమ్ముని కొడుకుగాని కాదు. ఈ యొక్క మాటను సోదరీమణులు జ్ఞాపకముంచుకొనవలెను. కథ యంతయు దీనిమీదనే నడచును.

ఆను క్లిఫర్డు 1590వ సంవత్సరము జనవరి 30వ తేదీన స్కిప్టను కోటలో జన్మించెను. ఆమె తండ్రి జార్జి క్లిఫర్డు. ఆయన మూడవ కంబర్లాండు ఎర్లు. ఎర్లు అనునది ఆ దేశపు ప్రభుపదవులలో నొకటి. డ్యూకు, మార్క్విసుల తరువాతి మెట్టు. ఆయన ఎలిజబెత్తు రాణి కొలువులో పేరుమోసిన జోదు. రాణి పక్షమున పందెపు పోరులకు దిగువాడు. అంతకంటె ఆయనకు సముద్రముమీద వ్యామోహము మెండు. సొంత ఖర్చుతో ఓడలు కట్టించి, స్పెయినువారి నావలను కొల్లగొట్టుటకు పలుమారు బయలుదేరెను. ఈ యోడలు తెచ్చిన లాభమున కంటె మ్రింగిన ధన మెక్కువ.

ఈ ప్రభువునకు మన దేశ చరిత్రతో నొక చిన్న సంబంధము కూడ గలదు. 1600వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన ఎలిజబెత్తు రాణి తూర్పు ఇండియా వర్తకసంఘమునకు పట్టా యిచ్చెను. ఆ పట్టాలో పేర్కొనబడిన వారిలో మొట్టమొదటి పేరు ఈ జార్జి ప్రభువుదే. ఆ సంఘపు మొదటి యాత్రకు ముందు నడచిన పెద్ద యోడ కూడ పూర్వము ఈయన కట్టించినదే. పదియేండ్లు గడచిన పిదప, 1611లో, ఆ సంఘమువారి యోడ మన మచిలీపట్టణము రేవునకు వచ్చి చేరెను. దేశదేశములకు దారి తీసిన యా ప్రభువు తన యింటిలోని యొక్క ఆడపిల్లకు దారి మూసిపోయెను.

ఆను తల్లి మార్గరెట్టు రస్సెలు. బెడ్ఫర్డు ప్రభువుల యాడుబిడ్డ. దైవభక్తి గలది, మందులు కాచుటయందు ఆసక్తి గలది, 1593లో బీమ్‌స్లీ అను చోట పేద స్త్రీల కొక యాశ్రమము స్థాపించినది. దంపతుల కాపురము మాత్రము సుఖముగ సాగలేదు. ఆనునకు ఇద్దరన్నలు. ఇద్దరును ఆరేండ్లు నిండకుండగనే గతించిరి. దానితో ఆమె యొక్కతియే మిగిలెను.

తల్లి కూతునకు శ్రద్ధగా చదువు చెప్పించెను. సామ్యుయెలు డానియెలు అను ప్రసిద్ధ కవి యామెకు గురువు. అయితే ఇంగ్లీషు తప్ప మరి యే భాషయు నేర్పగూడదని తండ్రి కట్టడి చేసెను. ఆడపిల్లకు అంతకు మించిన చదువు అనావశ్యకమని యాయన తలంచెను గాబోలు. ఆ యొక్క భాషతోనే యామె తన జన్మమంతయు దస్తరములు చదివి, దినచర్యలు వ్రాసి, న్యాయవాదులకు జవాబు చెప్పెను.

మరణశాసనము

1605వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన జార్జి ప్రభువు అప్పులలో మునిగి మరణించెను. ఆనునకు అప్పటికి 15 ఏండ్లు. మరణశాసనము విప్పి చూడగా, కోటలు, భూములు, గ్రామములు సర్వమును తమ్ముడైన ఫ్రాన్సిసునకు వ్రాసియుండెను. కూతునకు 15,000 పౌనుల రొక్కము. ఆ కాలమున ఆది పెద్ద సొమ్మే. లోకులందరును, ఇంత ధనము వచ్చినది గదా, పిల్లకు లోపమేమి యనిరి.

మన యిండ్లలో కూడ ఈ మాట వినని స్త్రీ యుండదు. పసుపుకుంకుమల క్రింద ఇంత యిచ్చితిమి, పెండ్లికి ఇంత ఖర్చు పెట్టితిమి, ఇంక భూమితో దానికేమి పని యని యన్నదమ్ములు పలుకుట మన మెరుగుదుము. రొక్కము చేతులు మారును, ఖర్చగును. భూమి నిలుచును, దానితోపాటు పేరును, మాటయు, ఊరిలో తావును నిలుచును. ఆనునకు గాని ఆమె తల్లికి గాని ఈ భేదము తెలియకపోలేదు.

తల్లి మార్గరెట్టు కన్నీరు పెట్టి యూరకుండలేదు. రాజుల కాలమునాటి పత్రములు భద్రపరచిన లండను దుర్గపు దస్తరములను వెదకించెను. పాత శాసనములకు నకళ్లు తీయించెను. మూడు వందల యేండ్ల నాటి రాజపత్రమునకు విరుద్ధముగా వ్రాసిన మరణశాసనము చెల్లదని వ్యాజ్యము తెచ్చెను. విధవయైన తల్లియు, బాలికయైన కూతురును ఒక పక్కన. ఎర్లు పదవి పొందిన పినతండ్రి, ఆయన బలగము నింకొక పక్కన. ఈ వ్యవహారము ఏండ్ల తరబడి సాగెను.

మెట్టినిల్లు

1609వ సంవత్సరము ఫిబ్రవరి 25వ తేదీన ఆను రిచ్చర్డు సాక్విలును వివాహమాడెను. రెండు దినములలోనే యతని తండ్రి మరణింప, అతడు మూడవ డార్సెట్టు ఎర్లు అయ్యెను. కెంటు మండలమునందలి నోలు అను మహాభవనము ఆమెకు అత్తవారిల్లు. ఆ భవనమున దినమునకొకటి చొప్పున 365 గదులు, వారమునకొకటి చొప్పున 52 మెట్లవరుసలు కలవని జనులు చెప్పుకొందురు.

భర్త రూపవంతుడు, దాత, రాజునకు దగ్గరవాడు. కాని చేయి జారువాడు. గుర్రములు, కోడిపందెములు, జూదము, విలువగల బట్టలు వీనికి వచ్చినదంతయు సరిపడకుండెను. అతనికి రొక్కము కావలసియుండెను. భార్య భూమి హక్కు విడిచినచో ఆమె పినతండ్రి రొక్క మిచ్చుటకు సిద్ధముగ నుండెను.

ఇచ్చట ఆ దేశపు నాటి న్యాయము కొంచెము తెలిసికొనవలెను. పెండ్లియైన స్త్రీకి వేరు వ్యక్తిత్వము లేదని ఆంగ్ల న్యాయము చెప్పుచుండెను. ఆమె నగలు, రొక్కము, సామానులు భర్తవి. భూమిమీద వచ్చు ఆదాయమును భర్తది. కాని భూమిని శాశ్వతముగ పరులపాలు చేయవలెనన్న భార్య సమ్మతి కావలెను. స్త్రీకి నోరు లేదన్న యా న్యాయమే ఈ యొక్క చోట ఆమె చేవ్రాలు లేనిదే కదలలేకపోయెను. అందరును ఆను చుట్టు మూగుటకు కారణమిదే. ఆమెనుండి వారు కోరినది ఒక్క సంతకము.

1616వ సంవత్సరము ఫిబ్రవరిలో కాంటర్బరీ మహాచార్యుడు, అనగా ఆ దేశపు మతమున కెల్ల పెద్ద, ఆమెను ప్రక్కకు పిలిచి ఒప్పందమునకు లోబడుమని గంటకు పైగా బోధించెను. ఆమె ఎదిరించి మాటాడలేదు. తల్లిని చూడకుండ ఏమియు చేయజాలనని మాత్రము చెప్పెను. పెద్దలకు కాదనుటకు వీలులేని జవాబు!

తల్లి యపుడు వెస్ట్మర్లాండులోని బ్రూము కోటలో నుండెను. ఆను చలికాలపు చెడుదారుల వెంట ఆమె కడకు పోయెను. తల్లికూతుళ్లు కలిసి ఆలోచించుకొనిరి. సంతకము లేదని నిశ్చయమయ్యెను. ఏప్రిలు 2వ తేదీన తల్లి కొంతదూరము దారివెంట వచ్చి కూతును సాగనంపెను. ఇరువురును మిక్కుటముగ దుఃఖించిరి. అదియే కడసారి చూపు. మే 24వ తేదీన తల్లి మరణించెను. ఆ వార్త కూతునకు అయిదు దినముల పిమ్మట గాని చేరలేదు.

ఈ నడుమనే భర్త తన కోపమును చూపెను. నోలు భవనమున గాని మరియొక యింట గాని ఇక నీవు నివసింప వలదని కబురంపెను. అది యామెను కదల్పలేదు. పిదప బిడ్డను పంపుమని ఉత్తరువు వచ్చెను. ఆనునకు మార్గరెట్టు అను నొక్క కూతురు. అమ్మమ్మ పేరే పెట్టుకొన్నది. ఇంకను రెండేండ్లు నిండలేదు. తల్లి మనస్సు ఎచ్చట మెత్తనో యచ్చటనే దెబ్బ కొట్టిరి. ఆను మొదట మిక్కిలి వగచెను. పిదప, తాను పంపకున్నచో బిడ్డకే కీడు మూడునేమో యని తలపోసి పంపివేసెను. సంతకము మాత్రము చేయలేదు. ఈ దినముల చర్య యంతయు ఆమె తన చేతితో వ్రాసికొన్న పుస్తకమునందు కలదు. అందు భర్తను తిట్టిన మాటలు కానరావు. అతడు వచ్చిన దినము, పోయిన దినము, అలిగిన దినము, బిడ్డకు జ్వరము తగిలిన దినము, తాను ఏ గదిలో ఒంటిగ కూర్చుండి ఏ కుట్టుపని చేసికొన్నది, ఇవియే యుండును.

రాజుగారి యెదుట

1617వ సంవత్సరము జనవరిలో వ్యవహారము మొదటి జేమ్సు రాజు సముఖమునకు వచ్చెను. కొలువునకు పోకముందు ఆను రాణిని దర్శించెను. ఆ రాణి పేరును ఆనే. రాజుగారిని పూర్తిగ నమ్మి సర్వమును ఆయన చేతిలో పెట్టవలదని రాణి రహస్యముగా హెచ్చరించెను. తన మగని సంగతి తనకంటె నెవరికి తెలియును?

రాజు భార్యాభర్త లిరువురిని పిలిపించెను. ఇరువురును ఆయన పీఠము ప్రక్కన మోకరిల్లిరి. వ్యాజ్యమును మాకు వదలుడు, మేము తీర్చెద మని రాజు పలికెను. భర్త వెంటనే సమ్మతించెను. ఆను మాత్రము, ప్రాణముండగా వెస్ట్మర్లాండు సీమను ఏ షరతుమీదను వదలుకొన జాలనని, మన్నింపవలసినదని విన్నవించెను. రాజు కొంతసేపు మంచిమాటలు చెప్పెను, కొంతసేపు గద్దించెను. ఫలము లేకపోయెను.

రెండు దినముల తరువాత మరల పిలుపు వచ్చెను. ఈ తడవ పినతండ్రి, ఆయన కొడుకు, న్యాయాధికారులు, కొలువులోని పెద్దలు నిండుగ నుండిరి. రాజు ఒక్కొక్కరిని అడిగెను. అందరును తమ తీర్పునకు కట్టుబడుదుమనిరి. 26 ఏండ్ల ఆను ఒక్కతియే ఒప్పుకొనలేదు. రాజునకు ఆగ్రహము మిన్నుముట్టెను. ఆయన ఎల్లర యెదుట ఆమెను అవమానించునేమో యని భర్తకే భయము పుట్టి, తలుపు తెరపించి ఆమెను బయటికి పంపివేసెను. ఆమె నంత బాధపెట్టిన భర్త ఆ క్షణమున ఆమె మానము కాపాడెను. మనుష్యుల మనస్సులు ఒక్క రంగున నుండవు.

తీర్పు మార్చి నెలలో వెలువడెను. ఆను అంగీకరింపకున్నను భూములు పినతండ్రికి, ఆయన మగ సంతతికి. పరిహారముగ 20,000 పౌనులు ఇప్పింపబడెను; ఆ సొమ్ము చేరినది భర్త చేతికి. అయితే అందొక చిన్న వాక్యము మిగిలెను. పినతండ్రి వంశమున మగ సంతతి లేకపోయినచో సర్వమును తిరిగి ఆనునకు చెందవలెను. ఆనాడు ఆ వాక్యమునకు విలువ యిచ్చిన వారు లేరు. పినతండ్రికి కొడుకు కలడు. ఆ కొడుకు యువకుడు.

నిరీక్షణము

ఆను ముగ్గురు మగబిడ్డలను కనెను. ముగ్గురును శైశవముననే పోయిరి. మార్గరెట్టు, ఇసబెల్లా అను నిద్దరు కూతుళ్లు మాత్రము దక్కిరి. 1624లో డార్సెట్టు ప్రభువు మరణించెను. అప్పు డేమి జరిగెనో చదువరులు గమనింపవలెను. నోలు భవనము ఆమె కూతుళ్లకు రాలేదు. అతని తమ్మునకు పోయెను. తాను పుట్టినింట ననుభవించిన దానినే ఆమె కూతుళ్లు తమ పుట్టినింట ననుభవించిరి. అదే యేట ఆనునకు మశూచికము సోకి ముఖము చెడిపోయెను.

1630లో ఆమె నాలుగవ పెంబ్రోకు ఎర్లయిన ఫిలిప్పు హెర్బర్టును పెండ్లాడెను. ఆ కాపురమును కొలది యేండ్లకే విడిపోయెను. రెండు మహాభవనములకు యజమానురాలై యుండియు ఏ యింటను ఆమెకు సుఖము లేకపోయెను. ఐనను చదువును, ప్రార్థనయు, పాత కాగితములును ఆమెకు తోడుగ నుండెను.

1641లో పినతండ్రి మరణించెను. 1643 డిసెంబరులో ఆయన కొడుకు హెన్రీ మరణించెను. అతనికి బ్రతికియున్న మగబిడ్డ లేడు. తండ్రి పోయిన 38 ఏండ్లకు, తన 53వ యేట, ఆను క్లిఫర్డు తన పూర్వుల భూములకు అధికారిణి యయ్యెను. ఎవరును లెక్కచేయని యా చిన్న వాక్యమే ఫలించెను.

అప్పటికి ఇంగ్లండులో రాజునకును పార్లమెంటునకును ఘోరమైన అంతర్యుద్ధము జరుగుచుండెను. ఉత్తరదేశమునకు పోవ దారిలేక ఆమె లండనులో మరి ఆరేండ్లు వేచియుండెను.

మరల పుట్టినింటికి

1649వ సంవత్సరము జూలై 11వ తేదీన ఆమె లండను విడిచెను. మరల ఎన్నడును ఆ నగరము చూడలేదు. అప్పటికామె వయస్సు 59 ఏండ్లు. ఆ యీడున మనలో పెక్కుమంది బరువులు దించుకొని మూల గూర్చుందురు. ఆను బరువులు నెత్తి కెత్తుకొనెను.

స్కిప్టను కోట యుద్ధమున గూలియుండెను. పెండ్రాగను, బ్రఫ్ కోటలు ఎన్నడో అగ్నిలో దగ్ధమై మొండిగోడలు మిగిలియుండెను. ఆమె ఒక్కొక్కదానిని మరల నిలిపెను. బ్రూము, ఆపిల్బీ కోటలను బాగుచేయించెను. శిథిలమైన దేవాలయములను మరల కట్టించెను. స్కిప్టను కోట కప్పు ఫిరంగులు మోయలేనంత పలుచగ నుండవలెనని పార్లమెంటువారు షరతు పెట్టిరి. ఆమె సరేయని ఇల్లు నిలుపుకొనెను. ఆ కోట నడిమి ముంగిట ఆమె నాటించిన దని చెప్పబడు చెట్టు నేటికిని కలదు. వంశపారంపర్యమగు వెస్ట్మర్లాండు మండలపు షెరీఫు పదవియు ఆమెకే వచ్చెను. ఆడుది ఆ యధికారము నిర్వహించుట ఆ కాలమున అపురూపము.

తల్లి ప్రారంభించిన బీమ్‌స్లీ యాశ్రమమును ఆమె పూర్తిచేసెను. ఆపిల్బీలో 13 మంది పేద స్త్రీలకు తానొక యాశ్రమము కట్టించెను. బ్రూము కోట దాపున, 1616 ఏప్రిలు 2వ తేదీన తల్లిని విడిచిన చోట, ఒక రాతిస్తంభము నెత్తించెను. ఏటేట అదే తేదీన అచ్చటి రాతిబల్లమీద ఆ గ్రామపు బీదలకు 4 పౌనులు పంచవలెనని యేర్పాటు చేసెను. ఆ స్తంభము నేటికిని నిలిచియున్నది. ఒక తల్లికూతుళ్ల వీడ్కోలునకు కట్టిన యిట్టి గురుతు లోకమున అరుదు.

ఆమెను మేము కేవల దేవతగ చిత్రింప దలచుకొనలేదు. తన హక్కునకై రాజునే ఎదిరించిన యామె, తనకు రావలసిన శిస్తు విషయమున రైతులపై ఏండ్ల తరబడి వ్యాజ్యములు నడపెను. ఆమె గూర్చి యొక కథ చెప్పుదురు. ఏటికొక కోడిని కప్పముగ నీయవలసిన యొక వర్తకుడు ఈయ ననెనట. ఆమె వందల పౌనులు ఖర్చుపెట్టి గెలిచి, అతనినే విందునకు పిలిచి, ఆ కోడినే మొదటి వంటకముగ వడ్డింపించెనట. కథ నిజమైనను కాకున్నను ఆమె స్వభావమునకు తగియున్నది. హక్కనునది పట్టువిడుపు లేనిచో బీదవానికి భారమగునని కూడ ఆమె చరిత్రము మనకు చెప్పును.

ఆమె కట్టిన కోటలకంటె నిలిచినవి ఆమె కాగితములు. తల్లి వెదకించిన పాత పత్రములకు తాను మరికొన్ని చేర్చి, క్లిఫర్డు వంశచరిత్రమును పెద్ద సంపుటములుగ వ్రాయించెను. అందు వంశమునకు భూములు తెచ్చిన స్త్రీల పేర్లు, కోడండ్ర పేర్లు, కూతుండ్ర పేర్లు శ్రద్ధగ చేర్పించెను. అవి 2015లో అచ్చుపడినవి. 1646లో వ్రాయించిన మూడు రేకుల చిత్రపటము కెండలు పట్టణమున నేటికిని చూడవచ్చును. ఎడమ వైపున తండ్రి పోయిన నాటి 15 ఏండ్ల బాలిక. కుడివైపున ఆస్తి దక్కిన ప్రౌఢ. నడుమ తల్లిదండ్రులు, చిన్నతనముననే పోయిన అన్నలు. గురువులను కూడ ఆమె మరువలేదు. పటములో వారి రూపములును కలవు.

1676 మార్చి 22వ తేదీన, 86వ యేట, బ్రూము కోటలో ఆమె కన్నుమూసెను. ముందటి దినము వరకు దినచర్య వ్రాయించుచునే యుండెను. ఆ కడపటి పుటలలో పదేపదే కనబడునది ఒక్కటే: అరువది యేండ్ల క్రిందట ఇదే దినమున నే నెచ్చట నుంటిని, ఏమి జరిగెను అను స్మరణము. ఆపిల్బీ దేవాలయములో తల్లి సమాధి యున్నచోటనే ఆమెయు విశ్రమించెను.

నోలు భవనపు మరియొక యాడుబిడ్డ

కథ యింతటితో ముగియలేదు. ఆను విడిచిపోయిన నోలు భవనమున 1892 మార్చి 9వ తేదీన వీటా సాక్విలు-వెస్టు అను బాలిక పుట్టెను. తలిదండ్రులకు ఏకపుత్రిక. ఆ గదులలో ఆడి, ఆ పటములను చూచి పెరిగి, పిదప పేరుగాంచిన రచయిత్రి యయ్యెను. 1922లో నోలు భవనమును, సాక్విలు వంశమును గూర్చి యొక గ్రంథము వ్రాసెను. 1923లో ఆను క్లిఫర్డు దినచర్యను తానే పరిష్కరించి అచ్చువేయించెను. మూడు వందల యేండ్లనాటి యిల్లాలి మొర ఆ యింటి యాడుబిడ్డ చేతనే లోకమునకు వినబడెను.

1928 జనవరిలో వీటా తండ్రి మరణించెను. నోలు భవనము ఆమెకు రాలేదు, పినతండ్రికి పోయెను. 1605లో ఆనునకు జరిగినది, 1624లో ఆను కూతుళ్లకు జరిగినది, 1928లో వీటాకును జరిగెను. రాజులు మారిరి, యుగములు మారెను. పినతండ్రి మాత్రము గుమ్మమున నిలిచియే యుండెను. అదే యేట అక్టోబరులో ఆమె స్నేహితురాలు వర్జీనియా ఊల్ఫు ‘ఓర్లాండో’ యను నవలను ప్రకటించి వీటాకు అంకితము చేసెను. అందలి నాయకుడు నడుమ స్త్రీగ మారును. ఆ నవలలోని మహాభవనమునకు నోలు భవనమే మాతృక. ఆస్తిగ దక్కని యిల్లు పుస్తకముగ దక్కెను.

1930లో వీటాయు, ఆమె భర్త హెరాల్డు నికల్సనును సిసింగుహరస్టు అను పాడుపడిన కోటను కొనిరి. మొదటి డార్సెట్టు ఎర్లు భార్య సిసిలీ బేకరు పుట్టినిల్లు అదియే. అనగా సాక్విలు వంశమున కోడలిగ వచ్చిన యొక పూర్వురాలి పుట్టింటిని, ఆ వంశపు ఆడుబిడ్డ తన సొంత ధనముతో సంపాదించుకొనెను. అచ్చట ఆమె పెంచిన పూదోట లోకప్రసిద్ధమైనది. 1962లో ఆమె మరణించెను.

ఆ దేశమున న్యాయము మెల్లమెల్లగ మారెను. 1882లో పెండ్లియైన స్త్రీకి సొంత ఆస్తి హక్కు పూర్తిగ వచ్చెను. 1925 శాసనముతో, మరణశాసనము లేనిచోట భూమి పెద్దకొడుకునకే యను నియమము పోయెను. 2013లో రాజకిరీటమునకు కూడ తమ్మునికంటె అక్కయే ముందని నిర్ణయమయ్యెను. ప్రభుపదవులు మాత్రము నేటికిని పెక్కు మగవారికే పోవుచున్నవి.

మన దేశమున 1956లో హిందూ వారసత్వ శాసనము వచ్చెను. పుట్టుకతోనే కుమారునకు గల పిత్రార్జితపు హక్కును కూతునకు కూడ కలిగించుచు 1985లో ఆంధ్రప్రదేశమున శాసనము జరిగెను. 2005లో అది దేశమంతటికిని వర్తించెను. శాసనము పుస్తకములో నున్నది. ఇంటిలో మాత్రము హక్కు విడుదల పత్రము నేటికిని ఆడుబిడ్డ ముందునకు వచ్చుచున్నది. పండుగకు పిలిచి, చీర పెట్టి, కాగితము చాచుటయు కలదు.

పుట్టినింటి ప్రేమను కాదనుమని మేము చెప్పుట లేదు. అన్నదమ్ముల కష్టము చూచి మనఃపూర్వకముగ విడుచుట గొప్పగుణమే. కాని విడుచునది ఏమో తెలిసి విడువవలెను. కాగితమును చదివిన పిమ్మటనే కలము పట్టవలెను. చదువరులలో నెవరికైన నట్టి కాగితము వచ్చినచో, అమ్మతో నొకమాట మాటాడి చెప్పెదనని యనుడు. ఆ యొక్క మాటతోనే ఆను క్లిఫర్డు ఇంగ్లండు మహాచార్యుని ఇంటికి పంపివేసెను.